గడివేముల దారిలో సీటు

ఆళ్లగడ్డ పాత బజారులో విత్తనాల అంగడి నాగేశ్వరరావు కడుపులో మాట దాగదన్నది ఊరంతా ఎరిగిన సంగతే. కూతురు భరణికి ఢిల్లీలో ఒక పెద్ద యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని పొద్దున ఎనిమిదింటికి తెలిస్తే, తొమ్మిది కొట్టేసరికి బస్టాండులో సోడాలమ్మే మనిషి దాకా ఆ కబురు చేరిపోయింది. పదింటి నుంచి అంగడి మెట్టెక్కిన ప్రతి రైతుకూ ఒక లడ్డు. విత్తనం కొన్నా లడ్డే, కొనకపోయినా లడ్డే. పురుగుమందు పనిచేయలేదని పోట్లాటకు వచ్చిన మనిషి కూడా లడ్డు నోట్లో పడగానే ఆ ఊసు మరిచిపోయి, పాప ఏం చదవబోతుందో, అది చదివితే ఏమవుతారో అడుగుతూ అరగంట కూర్చుని పోయాడు.

ఆ సంబరం పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు సోమవారం. మధ్యాహ్నం అన్నాల దగ్గర భరణి ఆ సీటు తనకు వద్దని చెప్పింది. నంద్యాల అవతల గడివేముల దారిలో చిన్న యూనివర్సిటీ ఒకటి ఉంది, అక్కడా సీటొచ్చింది, అందులో విత్తన శాస్త్రం చదువుతానంది. గురువారం సాయంత్రం ఐదు గంటల లోపల ఒప్పుకుంటున్నామని ఢిల్లీవాళ్లకు తెలపాలి. తెలపకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పోనీలే అంది, మజ్జిగ పోసుకుంటూ.

నాగేశ్వరరావుకు కలిపిన ముద్ద నోటి దాకా పోలేదు. ఆ యూనివర్సిటీని ఆయన ఎరుగును. పదేళ్ల కిందట జొన్నచేల మధ్య నాలుగు భవనాలు లేపి బోర్డు కట్టారు. దాని పేరు బస్సు కండక్టర్లకు తప్ప ఎవరికీ నోరు తిరగదు. వాళ్లకైనా అక్కడ స్టాపు ఉంది కాబట్టి తెలుసు. ఢిల్లీని కాదని దానికి పోతానంటే నలుగురూ నవ్వరా? పంచిన లడ్డూలకు ఏం జవాబు చెప్పాలి?

అయితే కూతురు ఎందుకు వద్దంటోందో ఆయనకు క్షణంలో అర్థమైంది. అర్థమైందనే ఆయన అనుకున్నాడు. పోయిన మాఘమాసంలో కర్నూలులో ఆయన గుండెకు స్టెంటు వేశారు. అప్పటినుంచీ ఆయన మాత్రల డబ్బా భరణే నింపుతోంది. ఆయన మిద్దె మెట్లెక్కుతుంటే ఏదో పనున్నట్టు వెనకాలే ఎక్కుతుంది. దగ్గు వినిపిస్తే చదివే పుస్తకం మూస్తుంది. ఒక్కగానొక్క బిడ్డ, నన్ను విడిచిపెట్టి పోలేక చదువు వదులుకుంటోంది అనుకున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అట్లా అనుకోగానే ఆయనకు కోపం వచ్చింది, బాధ కలిగింది, అదంతా నిజమే. కానీ వాటన్నిటికీ అడుగున కాస్త సంతోషం కూడా ఉంది. నా బిడ్డ నా కోసం ఢిల్లీని కాలదన్నింది చూడు అనే సంతోషం. ఉండు తల్లీ, పోవద్దు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. దాన్ని చూసుకుని ఆయనకే సిగ్గేసింది. బిడ్డ చదువు మింగి బతికేవాడు తండ్రేనా? ఆ సిగ్గుతోనే పంతం పట్టాడు. ఏమైనా సరే పిల్లను ఢిల్లీ రైలెక్కించి తీరాలి.

మంగళవారం పొద్దున ఆ పంతం ఒక వింత రూపం ఎత్తింది. అంగడి ముందు లారీ ఆగింది. ఇరవై ఏళ్లుగా అక్కడ మూటలు మోసే యేసురత్నం వరి విత్తనాల సంచులు దించుతున్నాడు. భరణి అంగట్లో ఉండడం చూసి నాగేశ్వరరావు పంచె ఎగ్గట్టి, ముప్పై కేజీల సంచిని ఒక్క ఊపున భుజానికెత్తుకున్నాడు. ఎత్తుకున్నాడు గానీ నడక సాగలేదు. రెండడుగులకే ఒక పక్కకు ఒరిగాడు. యేసురత్నం చేతిలో పని వదిలేసి, యజమాని ఎటు పడితే అటు పట్టుకోవడానికి చేతులు చాపుకుని నిలబడ్డాడు. భరణి మాత్రం అరవలేదు, పరుగెత్తలేదు. మెల్లగా వచ్చి సంచి రెండో కొస పట్టి కిందికి దించి, ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్లు చేతికిచ్చింది.

"ఈ సర్కస్ నాకు చూపించేదానికేనా నాయనా?" అంది.

ఇక ఆయన ఆగలేకపోయాడు. తనకు ఏమీ కాలేదనీ, డాక్టరు కూడా గుర్రం మాదిరి ఉన్నావన్నాడనీ, తన మీద దిగులుతో బంగారంలాంటి సీటు పారేసుకోవద్దనీ చెప్పాడు. ఢిల్లీ చదువంటే పేరు. ఆ పేరు చూసి రేపు ఎవరైనా పిలిచి ఉద్యోగమిస్తారు. ఈ గడివేముల దారి చదువును ఆళ్లగడ్డ దాటితే ఎవరు గుర్తిస్తారు? దాని పేరు విన్నవాళ్లెవరు?

భరణి అంతా విని, మెల్లగా అడిగింది. "సంచి మీద పేరు చూసి ఎప్పుడన్నా విత్తనం అమ్మినావా నువ్వు?"

అది ఆయనకు సూటిగా తగిలింది. ఎందుకంటే ముప్పై ఏళ్లుగా ఆ అంగడి నిలబడింది ఆ ఒక్క నియమం మీదే. ఎంత పేరున్న కంపెనీ సరుకైనా, ఎన్ని రంగుల బొమ్మలున్న సంచైనా, దిగిన ప్రతి సరుకులోంచీ ఆయన నూరు గింజలు తీస్తాడు. తడిపిన గోనెపట్టా మీద పాత పంచె గుడ్డ పరిచి, వరసకు పది చొప్పున పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి నీడన పెడతాడు. నాలుగో రోజు విప్పి మొలకలు లెక్కపెడతాడు. ఎనభైకి తగ్గితే సరుకు వాపసు. సంచి మీద పేరు మొలవదప్పా, లోపల గింజ మొలవాల అనేది ఆయన ఊతపదం. చుట్టుపక్కల నలభై ఊళ్ల రైతులు ఆ గోనెపట్టాను నమ్మే ఆయన దగ్గరికి వస్తారు.

ఆ గోనెపట్టా ఒకే ఒక్కసారి దెబ్బకొట్టింది. అదీ ఈ సంవత్సరమే. జూన్‌లో రుద్రవరం వైపు నుంచి జకరయ్య అనే రైతు వచ్చి మూడెకరాలకు కొర్ర విత్తనం తీసుకున్నాడు. పట్టాలో నూటికి ఎనభై ఏడు మొలిచిన సరుకది. చేలో సగం కూడా పైకి రాలేదు. జకరయ్య వచ్చి కేకలు పెట్టలేదు. మిగిలిన గింజలు చిన్న మూటలో కట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "మొలక రాలేదు శెట్టిగారూ" అన్నాడు అంతే. నాగేశ్వరరావుకు తప్పు తన వైపు ఉండొచ్చని లోపల ఎక్కడో తెలుసు. అయినా పేరు పోతుందనే భయం ఆయన చేత వేరే మాట అనిపించింది. లోతుగా వేసింటావు, వానకు నేల బిగిసిపోయుంటుంది అని జకరయ్య చేను మీదికే నెట్టేశాడు. జకరయ్య తల ఊపి వెళ్లిపోయాడు. ఆ రోజు భరణి అక్కడే ఉంది, అంతా వింది. తర్వాత ఆ మూట ఏమైందో ఆయన అడగలేదు. అడిగే మొహం లేదు.

"పోయి చూసి రా నాయనా" అంది భరణి ఇప్పుడు. "చూసొచ్చినాక పొమ్మంటే పోతా. మారుమాట చెప్పను."

బుధవారం పొద్దునే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాగేశ్వరరావు నంద్యాల బస్సెక్కడానికి బయలుదేరాడు. భార్య అనసూయ పెరుగన్నం డబ్బా చేతిలో పెడుతూ వాకిట్లో ఆపింది. ఆవిడ మూడు రోజులుగా ఈ గొడవలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇద్దరికీ అన్నం పెట్టి ఊరుకుంది.

"చూసేదానికి పోతాండావా, తప్పు పట్టేదానికి పోతాండావా?" అని అడిగింది.

ఆయన డబ్బా చంకన పెట్టుకుని మెట్టు దిగాడు. తప్పు పట్టడానికే పోతున్నాడు మరి.

నంద్యాలలో బస్సు మారి, గడివేముల దారిలో దిగేసరికి పదకొండయింది. ఆయన అనుకున్నట్టే ఉంది. రంగు వెలిసిన గేటు, అందులో సగం తుప్పు. కాపలా మనిషి కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నాగేశ్వరరావు తాను ఫలానా అని చెప్పలేదు. విత్తనాల వ్యాపారినని, ఇక్కడ విత్తన పరీక్షలు చేస్తారంటే చూడటానికి వచ్చానని అన్నాడు. వెనక వైపు ల్యాబుకు పొమ్మన్నాడు కాపలా మనిషి.

వెనక వైపు పోయి చూస్తే ఆయనకు పండగయింది. నలుగురు పిల్లలు నేల మీద కూర్చుని సుత్తులతో ఇటుకలు పగలగొడుతున్నారు. జుట్టు నిండా ఎర్రటి దుమ్ము. చదువు చెప్పమని పంపితే కూలి పని చేయిస్తున్నారా అనుకున్నాడు. పదకొండు గంటల పొద్దుకే పని ముగిసింది, ఇక ఇంటికి పోయి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఢిల్లీ టికెట్ కొనుక్కోవచ్చు.

అప్పుడు చేతులు దులుపుకుంటూ ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆవిడ చేతులకూ ఇటుక దుమ్మే. పేరు వినీత, ఆ విభాగంలో పాఠాలు చెప్పేది తానేనంది. ఇటుకలెందుకని నాగేశ్వరరావు కాస్త వెటకారంగానే అడిగాడు. ఆవిడ ఆ వెటకారం పట్టించుకోకుండా లోపలికి తీసుకుపోయింది. బల్లల మీద వరసగా ట్రేలున్నాయి. ట్రేలో తడి ఇసుక, ఇసుక మీద నూరు గింజలు, వాటి మీద వేలెడు మందాన ఇటుక రవ్వ. వాన తర్వాత బిగుసుకున్న నేల ఎట్లా ఉంటుందో ఆ రవ్వ అట్లా ఉంటుందని చెప్పింది. బలమున్న గింజ దాన్ని తోసుకుని పైకి వస్తుంది. బలం లేనిది లోపల మొలిచి లోపలే చస్తుంది.

"తడి గుడ్డలో అన్నీ మొలుస్తాయండీ, అక్కడ అడ్డమేముంది?" అంది వినీత. "బతికున్న గింజ ఏదో గుడ్డ చెబుతుంది. పైకి రాగలిగేది ఏదో చెప్పదు."

ముప్పై ఏళ్ల గోనెపట్టా గురించి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అంత తేలిగ్గా, అంత నిజంగా మాట్లాడేసింది. నాగేశ్వరరావు ఒక్కో ట్రేనే చూసుకుంటూ పోయాడు. కిటికీ పక్కన ఉన్న దాని దగ్గర ఆయన కాళ్లు ఆగిపోయాయి. ఇటుక రవ్వలోంచి అక్కడక్కడా సన్నటి కొర్ర మొలకలు. ఎక్కువ భాగం ఖాళీ. ట్రేకు అంటించిన కాగితం మీద, అంగడి చీటీల మీద ఆయన రోజూ చూసే గుండ్రటి అక్షరాలు. జకరయ్య, కొర్ర. నూటికి ముప్పై తొమ్మిది. గింజ పాతది.

అది ఎవరు పెట్టారని అడిగాడు. ఒకమ్మాయి పెట్టిందని వినీత చెప్పింది. ఇంకా చేరనేలేదు, ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు పరిచయం. నెల రోజులుగా రెండు రోజులకోసారి ఆళ్లగడ్డ నుంచి బస్సులో వస్తోంది. నంద్యాలలో పనుందని పోయేది ఇందుకా అనుకున్నాడు నాగేశ్వరరావు. మా అంగట్లో పరీక్ష చేసే అమ్మినాం, అయినా రైతు నష్టపోయినాడు, ఎందుకో తెలియాలని పట్టుబట్టింది. మొదటిసారి ట్రే సరిగ్గా రాలేదు, రెండోసారీ రాలేదు. మూడోసారి పెట్టినప్పుడు ఫలితం చూసి ఆ మూల కూర్చుని ఏడ్చింది. కాసేపటికి లేచి, పక్కన ఇంకో సరుకుతో ట్రే పెట్టింది. ఢిల్లీలో పెద్ద చోట సీటొచ్చిందట. పొమ్మని తానే చెప్పానంది వినీత, ఆ వయసులో తనకు వచ్చుంటే తప్పకుండా పోయేదాన్నని కూడా దాచకుండా అంది. ఆ పిల్ల మాత్రం, అక్కడ చెప్పే చదువు గొప్పదే మేడం, నాకు కావలసింది ఈ బల్ల మీద ఉంది అని నవ్వేసిందట.

తిరుగు బస్సులో నాగేశ్వరరావుకు కిటికీ పక్క సీటు దొరికింది. పెరుగన్నం డబ్బా ఒళ్లోనే ఉంది, తినాలనిపించలేదు. సిరివెళ్ల దాటేదాకా ఆయన మనసు ఒక్కచోట నిలవలేదు. బిడ్డ తన కోసం ఆగడం లేదు. మూడు రోజులుగా ఆయన మోస్తున్న నేరం ఆయనది కాదు. ఎగిరి గంతేయాలి నిజానికి. కానీ లోపల ఏదో వెలితి. తాను సిగ్గుపడి దాచుకున్న ఆ చిన్న సంతోషం పోయింది, పోయాక అదెంత తియ్యగా ఉండిందో తెలిసింది. బిడ్డ తలపులో తాను ఉన్నాననుకున్న చోట ఎవరిదో మూడెకరాల కొర్రచేను ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, ఆయనకు ఆ కొర్రచేను మీద కాస్త అసూయ కలిగింది.

ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. భరణీ అడగలేదు. అనసూయ తినకుండా తెచ్చిన డబ్బా తెరిచి చూసి, తల అడ్డంగా ఊపి, ఆ రాత్రి ఆయనకు ఇంకో గరిటె ఎక్కువ వడ్డించింది.

గురువారం తెల్లవారగానే ఆయన యేసురత్నం బండి వెనక కూర్చుని జకరయ్య ఊరికి పోయాడు. జకరయ్య చేలో ఉన్నాడు, కొర్ర చెడగొట్టి ఆ నేలను కందికి దున్నుతున్నాడు. నాగేశ్వరరావు గట్టు మీద నిలబడి, గింజ పాతదనీ, తన పరీక్షకు అది తెలియలేదనీ, చేను తప్పు ఏమీ లేదనీ చెప్పాడు. ఆ రోజు అన్న మాట తప్పన్నాడు. అదొక్కటీ చెప్పడానికి ఆయనకు చాలా సేపు పట్టింది. జకరయ్య ఎద్దుల్ని నిలిపి అంతా విన్నాడు.

"చేను తప్పు కాదని నాకు తెలుసు శెట్టిగారూ. మీకు తెలుసునో లేదో తెలీక బాధపడినా" అన్నాడు. కూర్చోమని గట్టు మీద తువ్వాలు పరిచాడు.

ఆ మధ్యాహ్నం అంగట్లో బేరం పలుచగా ఉంది. పక్క వీధిలో రాతి పని వాళ్ల ఉలి చప్పుడు తప్ప వేరే సందడి లేదు. నాలుగున్నరకు భరణి వచ్చింది. బల్లకు అవతల, రైతులు కూర్చునే వైపు స్టూలు లాక్కుని కూర్చుంది. ఫోను తెరిచి, ఢిల్లీవాళ్ల పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. ఒప్పుకుంటున్నాను అనే మీట పచ్చగా వెలుగుతోంది.

"అరగంటుంది. చూసొచ్చినావు గదా. చెప్పు నాయనా."

ఆయన ఫోను వైపు చూడలేదు. కూతురి మొహం వైపు చూశాడు. మూడు రోజులు అడగడానికి భయపడిన ప్రశ్న ఇప్పుడు అడగక తప్పదు. అవునంటే ఆ పచ్చమీట తానే నొక్కాలి. కాదంటే తన గుండె కాస్త ఉసూరుమంటుంది. రెండిట్లో ఏది వినాలనుందో ఆయనకే తెలియదు.

"నిజం చెప్పు పాపా. నా కోసం ఆగుతాండావా?"

భరణి వెంటనే జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పే పిల్ల అయితే వెంటనే చెప్పేది.

"మొదట్లో అవును" అంది. "ఏప్రిల్లో ఆ గడివేముల దారిదానికి అప్లై చేసింది నీ కోసమే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ రాత్రి భయపడినాను. దగ్గర్లో ఏదో ఒకటి చదువుదాంలే, చదువుదేముంది అనుకున్నా. తర్వాత జకరయ్య గింజలు తీసుకొని ఆడికి పోయినా." స్టూలు ముందుకు జరుపుకుంది. "ఇప్పుడు నువ్వు ఎద్దు మాదిరి తిరిగినా నేను ఢిల్లీ పోను నాయనా. నీ కోసం కాదు. తప్పుగా అనుకోవద్దు."

"నేను పొమ్మంటే?"

"పోతా. మాటిచ్చినా గదా."

"పోయి?"

"పోయి కొన్నాళ్లు ఏడుస్తా. తర్వాత అదీ బాగానే చదువుతాలే."

నాగేశ్వరరావుకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్లు నిండిపోయాయి. స్టెంటు వేయించుకున్న రోజు కూడా ఆయన ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. ఇప్పుడు బజారు వైపు తెరిచి ఉన్న అంగట్లో, దారిన పోయేవాళ్లు చూస్తున్నా తుడుచుకోలేదు. ఈ పిల్ల ఎప్పుడు ఇంత పెద్దదైంది, తన చెయ్యి ఎప్పుడు వదిలింది, తనకు తెలియనే లేదు. వదిలి దూరం పోలేదు. వదిలి, తన కాళ్ల మీద తాను నిలబడి, ఇక్కడే ఉంటానంటోంది. తండ్రిని చూసుకోవడానికి కాదు, ఆ తండ్రికి ముప్పై ఏళ్లుగా తెలియనిది నేర్చుకోవడానికి.

సోమవారం నుంచీ గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట ఒకటుంది. దాన్ని అనడానికి ఇప్పుడు ఆయనకు సిగ్గు వేయలేదు. ఫోను తీసి బల్ల మీద బోర్లించాడు.

"ఉండు తల్లీ" అన్నాడు. "పోవద్దు."